మన ఇంటికి ఏ బల్బు నిలుస్తుంది? అనంతపురం ఎండకు, కరెంటుకు తగిన ఎంపిక

తాడిపత్రిలో మా మేనత్త వాళ్ళది పాతకాలపు బండల మిద్దె. పైకప్పు బండలే, నేలా బండలే, రెండూ నల్లగా ఉంటాయి. పోయిన వేసవిలో ఆమె ఫోన్ చేసి, "రేయ్, ఇంట్లో బల్బులన్నీ ఒకేసారి మార్చేద్దామనుకుంటున్నా. అంగడాయన తొమ్మిది వాట్లది చాలంటాడు, పక్కింటోళ్ళు పన్నెండుది తీస్కోమంటారు. ఏది కొనాల?" అని అడిగింది. నేను ఫోన్‌లో జవాబు చెప్పలేకపోయాను. ఇల్లు చూడకుండా, సాయంత్రం ఆ వీధిలో వోల్టేజీ ఎంత ఉంటుందో తెలియకుండా ఏం చెప్తాం? ఆదివారం వెళ్ళి గది గదీ చూశాక చెప్పాను. అక్కడ చూసినవీ, అనంతపురంలో మా ఇంట్లో ఇన్నేళ్ళుగా నేర్చుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు రకాల సంగతి. పాత ఫిలమెంట్ బల్బు, సీఎఫ్ఎల్, ఎల్ఈడీ, ఈ మూడింటిలో ఇప్పుడు కొత్తగా కొనాల్సింది ఎల్ఈడీయే. ఇందులో నాకు రెండో మాట లేదు. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇచ్చేంత వెలుగు 14 వాట్ల సీఎఫ్ఎల్ ఇస్తుంది, 8 లేదా 9 వాట్ల ఎల్ఈడీ ఇస్తుంది. ఫిలమెంట్ బల్బు తిన్న కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళలో ఇంట్లో ఇంకో పొయ్యి పెట్టుకున్నట్టే అది.

మన జిల్లాకు ఎల్ఈడీ కొత్తదేమీ కాదు. 2014లో రాష్ట్ర ప్రభుత్వం పాత బల్బుల స్థానంలో ఎల్ఈడీలు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, మొదటి విడతలో తీసుకున్న జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇంటికి రెండు బల్బులు, ఒక్కోటి పది రూపాయలు, ఏడు వాట్లవి. నీలి ఎల్ఈడీని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు భౌతిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది కూడా అదే 2014లో. తెల్ల ఎల్ఈడీ అంటే నీలి చిప్పు మీద పసుపు పూత వేసినదే కాబట్టి, ఆ నీలి రంగు లేకపోతే మన ఇంట్లో ఈ బల్బు లేదు. మరుసటి ఏడాది జనవరిలో కేంద్రం పథకం మొదలైంది, దానికే ఉజాలా అని పేరు. ఆ పథకంలో ఇచ్చిన బల్బులు మా వీధిలో కొన్ని ఇళ్ళలో ఇంకా వెలుగుతున్నాయి.

బిల్లులో ఎంత తగ్గుతుంది

రోజుకు ఆరు గంటలు వెలిగే ఒక్క బల్బుతో లెక్క వేద్దాం. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు నెలకు 10.8 యూనిట్లు తింటుంది. 14 వాట్ల సీఎఫ్ఎల్ రెండున్నర యూనిట్లు. 9 వాట్ల ఎల్ఈడీ 1.6 యూనిట్లు.

ఇక్కడ చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది. మన కరెంటు చార్జీ మెట్లు మెట్లుగా ఉంటుంది. 2022లో ప్రకటించిన ధరల ప్రకారం ఇళ్ళకు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75, ఆపైన 9.75. మనం ఆదా చేసిన యూనిట్లు కిందిమెట్టు నుంచి కాదు, పైమెట్టు నుంచి తగ్గుతాయి. మీ ఇంట్లో నెలకు 140 యూనిట్లు కాలుతుంటే, మీరు తగ్గించే మొదటి 15 యూనిట్లు ఆరు రూపాయలవి. అంటే ఒక్క ఫిలమెంట్ బల్బు తీసి ఎల్ఈడీ పెడితే నెలకు తొమ్మిది యూనిట్లు, 55 రూపాయలు మిగిలినట్టు. బల్బు వంద రూపాయలనుకున్నా రెండు నెలల్లో తిరిగొచ్చేస్తుంది. నెలకు 60 యూనిట్లే వాడే చిన్న ఇంట్లో అదే మార్పుకు 28 రూపాయలు మిగులుతుంది, నాలుగు నెలల్లోపే డబ్బు తిరిగొస్తుంది.

కానీ సీఎఫ్ఎల్ బాగానే వెలుగుతుంటే దాన్ని పీకి పారేయకండి. సీఎఫ్ఎల్‌కీ ఎల్ఈడీకీ తేడా నెలకు ఒక యూనిట్ కూడా లేదు. 4.50 మెట్టులో ఉన్నవాళ్ళకు ఆ వంద రూపాయలు రావడానికి రెండేళ్ళు పడుతుంది. దాన్ని స్టోర్ రూముకో, మెట్ల కిందికో మార్చి, పోయేదాకా వాడుకోండి. బాత్రూములో మాత్రం వద్దు. నిమిషానికోసారి వేసి ఆపే చోట సీఎఫ్ఎల్ తొందరగా పోతుంది. ఎల్ఈడీకి ఆ బాధ లేదు.

ఇంట్లో మొదట మార్చాల్సింది ఏదో తెలుసా? చాలా ఇళ్ళలో దేవుడి గూట్లోనో, పడగ్గదిలోనో ఎర్రగానో పచ్చగానో వెలిగే జీరో బల్బు. పేరు జీరో గానీ ఆ పాత జీరో బల్బు 12 నుంచి 15 వాట్లు తింటుంది. రాత్రంతా తొమ్మిది గంటలు వెలిగితే నెలకు నాలుగు యూనిట్లు. హాల్లో వెలిగే 9 వాట్ల ఎల్ఈడీ కంటే రెండింతల పైన! అర వాటు ఎల్ఈడీ నైట్ బల్బు పెడితే నెలంతా కలిపి యూనిట్‌లో ఏడో వంతు కూడా కాదు. మా అత్త ఇంట్లో అలాంటివి మూడు దొరికాయి.

తర్వాత ట్యూబులైటు. లావు ట్యూబు 40 వాట్లు, దాని పాత చోకు ఇంకో పది పన్నెండు వాట్లు, కలిపి 50 దాటుతుంది. అదే పొడవున్న 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు సెట్టు అంత వెలుగే ఇస్తుంది. రోజుకు ఆరు గంటలైతే నెలకు దాదాపు ఆరు యూనిట్లు తేడా. పాత పట్టీలోనే ఎల్ఈడీ ట్యూబు బిగించుకోవచ్చని కొందరు అమ్ముతారు. చోకు, స్టార్టర్ తీయకుండా, వైరింగు మార్చకుండా పెడితే అది సరిగ్గా పని చేయదు, ఒక్కోసారి కాలుతుంది కూడా. పాత పట్టీ పీకేసి, కొత్త సెట్టు మొత్తంగా పెట్టించుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇంకో నిజం కూడా చెప్పాలి. బల్బులన్నీ ఎల్ఈడీ అయిన ఇంట్లో బిల్లు ఇంకా తగ్గాలంటే చూడాల్సింది ఫ్యాను వైపు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, మన దగ్గర ఎండాకాలమంతా రోజుకు పదహారు గంటలు తిరుగుతుంది, నెలకు 36 యూనిట్లు. బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారున్న ఫ్యాను 30 వాట్లతో దాదాపు అదే గాలి ఇస్తుంది. బల్బులు మార్చగానే బిల్లు సగమైపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

మన దగ్గర బల్బును చంపేవి రెండు

పెట్టె మీద 15 వేల గంటలు, 25 వేల గంటలు అని రాసి ఉంటుంది. 25 వేల గంటలంటే రోజుకు ఆరు గంటల చొప్పున పదకొండేళ్ళు. అన్నేళ్ళు వెలిగిన బల్బును మన పక్క నేను తక్కువగా చూశాను. ఎల్ఈడీ చిప్పు అంత తొందరగా పోదు. పోయేది దాని అడుగున ఉండే డ్రైవర్, అంటే ఇంటి కరెంటును చిప్పుకు తగ్గట్టు మార్చి ఇచ్చే చిన్న సర్క్యూట్. దాన్ని చంపేవి రెండు, వోల్టేజీ, వేడి. ఆ రెండూ మనకు ధారాళంగా ఉన్నాయి.

మా ఊరి ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్‌కు చివర్లో ఉంటుంది. చుట్టూ బోరు మోటార్లే. ఒక సాయంత్రం మీటరు పెట్టి చూస్తే ప్లగ్గులో 165 వోల్టులు ఉంది. రాత్రి పది దాటి మోటార్లన్నీ ఆగిపోయాక అదే ప్లగ్గులో 255. ఉండాల్సింది 230. అలాంటి ఇంట్లో ఫిలమెంట్ బల్బు సాయంత్రం నిప్పు కణికలా ఎర్రగా మినుకుమంటుంది. ట్యూబులైటు టకటకమంటూ కొట్టుకుంటుంది గానీ వెలగదు. మంచి డ్రైవర్ ఉన్న ఎల్ఈడీ మాత్రం 165లోనూ 255లోనూ ఒకే వెలుగు ఇస్తుంది. నాసిరకం డ్రైవర్ ఉన్న ఎల్ఈడీ లోవోల్టేజీలో మసకబారుతుంది, హైవోల్టేజీలో కాలిపోతుంది.

అందుకే పెట్టె మీద వాట్ల కంటే ముందు నేను చూసేది వోల్టేజీ పరిధి. 100 నుంచి 300 అని ఉంటే కళ్ళు మూసుకుని తీసుకుంటాను. 220 నుంచి 240 అని మాత్రమే ఉంటే పల్లెలో వద్దు. కర్నూలు, కడప, అనంతపురం టౌన్లలో కరెంటు నిలకడగా ఉండే వీధుల్లో అయితే పర్వాలేదు. కొన్ని పెట్టెల మీద సర్జ్ ప్రొటెక్షన్ 2.5 కేవీ, 4 కేవీ అని కూడా రాస్తారు. లైనులో ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని ఎన్ని వేల వోల్టుల దాకా తట్టుకుంటుందో చెప్పే అంకె అది. ఉరుములు మెరుపులు ఎక్కువుండే వేసవి చివరి వానలప్పుడు అది పనికొస్తుంది, పల్లెల్లో 4 కేవీది తీసుకోండి.

వేడి సంగతి ఇంకా సూక్ష్మమైనది. డ్రైవర్‌లో ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. మే నెలలో బయట 42, 43 డిగ్రీలుంటే, రోజంతా ఎండకు కాగిన మిద్దె కింద, పైకప్పుకు జానెడు దూరంలో గాలి ఎంత వేడిగా ఉంటుందో చేయెత్తితే తెలుస్తుంది. దానికి తోడు బల్బును గాజు గిన్నెలాంటి మూత ఉన్న ఫిట్టింగులో పెడితే లోపలి వేడి బయటికి పోయే దారే లేదు. హాల్లో అందానికి పెట్టుకునే ఆ గుండ్రటి మూతల్లో మా ఇంట్లో ఏడాదికి రెండు బల్బులు పోయేవి. మూతలు తీసేశాక మూడేళ్ళుగా అవే బల్బులు వెలుగుతున్నాయి. మూత కావాలనుకుంటే మామూలు బల్బు పెట్టకుండా, దానికోసమే చేసిన ప్యానెల్ లైటు కొనండి. దాని వెనక అల్యూమినియం రేకు వెడల్పుగా ఉంటుంది.

ఇదే కారణంతో, ఒక పెద్ద గదికి 20 వాట్ల బల్బు ఒకటి పెట్టేకంటే 9 వాట్లవి రెండు చెరోవైపు పెట్టడం మేలంటాను. చిన్న ఒంట్లో ఎక్కువ వాట్లు ఇరికిస్తే అంత వేడెక్కుతుంది. ఒకటి పోయినా గది చీకటి కాదు, నీడలూ తగ్గుతాయి.

చౌక బల్బుల విషయంలో దెబ్బ తిన్నాను కాబట్టి చెప్తున్నా. ఒక ఏడాది సంతలో పేరూ ఊరూ లేని ఎల్ఈడీలు అర డజను తెచ్చాను. ఒక్కోటి ముప్పై ఐదు రూపాయలు. సంక్రాంతికి పెట్టినవి ఉగాది నాటికి నాలుగు పోయాయి. ఒకటి విప్పి చూస్తే లోపల వేడి పీల్చే అల్యూమినియం లేదు, మొత్తం ప్లాస్టిక్కే. పది చిప్పుల్లో ఒకదాని మీద నల్లటి చుక్క. అవన్నీ దండలో పూసల్లా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి, ఒక్కటి కాలితే బల్బంతా ఆరిపోతుంది. రెండు వందల పది రూపాయలు పోయాయని కాదు, ఆ రెండు నెలలు మా అమ్మ స్టూలు ఎక్కి దిగుతూ బల్బులు మార్చింది. అది నాకు ఎక్కువ బాధ.

ఏ గదికి ఎంత వెలుగు, ఏ రంగు

వెలుగును కొలిచేది వాట్లతో కాదు, ల్యూమెన్లతో. వాట్లు చెప్పేది బల్బు ఎంత తింటుందో, ల్యూమెన్లు చెప్పేది ఎంత ఇస్తుందో. 9 వాట్ల బల్బు ఒక కంపెనీది 800 ఇస్తే ఇంకొకటి 950 ఇస్తుంది. ధర ఒకటే అయితే ల్యూమెన్లు ఎక్కువున్నది తీసుకోండి. స్టార్ల గుర్తు చెప్పేది కూడా ఇదే, వాటుకు ఎంత వెలుగు వస్తుందని.

ఇక బండల మిద్దె విషయం. పది అడుగుల గదికి గోడలు తెల్లగా ఉండి, పైన తెల్ల స్లాబ్ ఉంటే 900 ల్యూమెన్ల బల్బు ఒకటి కూర్చోవడానికి, మాట్లాడుకోవడానికి సరిపోతుంది. అదే గదికి నల్ల బండల నేల, నల్ల బండల కప్పు ఉంటే సరిపోదు. పడిన వెలుగులో చాలా భాగాన్ని ఆ బండలు మింగేస్తాయి. మా అత్త పక్కింటివాళ్ళు పన్నెండు వాట్లన్నది అందుకే, వాళ్ళదీ బండల మిద్దే. అంగడాయన తొమ్మిది చాలన్నదీ అబద్ధం కాదు, ఆయన చెప్పింది తెల్ల గోడల ఇంటికి. ఆమె ఇంట్లో గోడలకూ కప్పుకూ తెల్ల సున్నం కొట్టించమన్నాను. కరెంటు ఖర్చు లేకుండా వెలుగు పెంచే పని అది. ఎండాకాలం ముందు మిద్దె పైన కూడా సున్నం వేస్తే ఇంట్లో వేడి తగ్గుతుంది, బల్బుకూ మేలే.

ఇంకొకటి గమనించండి. ఫిలమెంట్ బల్బు అన్ని వైపులా వెలుగు చిమ్ముతుంది. ఎల్ఈడీ బల్బులో సగం ఒళ్ళు ప్లాస్టిక్కే కాబట్టి వెలుగు ఎక్కువగా ముందుకే పోతుంది. మన పాత ఇళ్ళలో హోల్డర్లు గోడకు అడ్డంగా ఉంటాయి. అందులో ఎల్ఈడీ పెడితే వెలుగు సూటిగా ఎదుటి గోడకు, ఎదురుగా కూర్చున్నవాళ్ళ కళ్ళలోకి పోతుంది, బల్బు ఉన్న గోడ మసకగా మిగిలిపోతుంది. గోడ మీద పెట్టాలంటే ట్యూబు సెట్టు మంచిది. బల్బే కావాలంటే కిందికి వంగిన హోల్డర్ పెట్టించండి. వంటింట్లో మరీ ముఖ్యం. లైటు వెనక ఉంటే వండే మనిషి నీడ పొయ్యి మీదే పడుతుంది. పొయ్యి గట్టుకు పైన రెండడుగుల చిన్న ట్యూబు సెట్టు పెడితే ఆ కష్టం తీరుతుంది.

రంగు విషయానికి వస్తే, దాన్ని చెప్పేది కెల్విన్ అంకె, అది తగ్గేకొద్దీ వెలుగు పసుపుగా ఉంటుంది. మన దగ్గర అంగట్లో అడగకపోతే ఇచ్చేది 6500 కెల్విన్ తెల్ల వెలుగే. తెల్లగా ఉంటేనే ఎక్కువ వెలుగని చాలామంది అనుకుంటారు. వంటిల్లు, పిల్లలు చదువుకునే చోటుకు నేను 4000 కెల్విన్ చెప్తాను, పాల వెలుగులా ఉంటుంది. పడగ్గదికీ, దేవుడి గదికీ, వసారాకూ 3000 లేదా 2700 పసుపు వెలుగు. తెల్ల వెలుగులో నీలి రంగు వంతు ఎక్కువ, రాత్రిపూట అది నిద్రను వెనక్కి నెడుతుంది. వసారాకు పసుపు ఎందుకంటే, తొలి వానకు ఉసిళ్ళు లేచినప్పుడు తెల్ల లైటు చుట్టూ చేరినన్ని పసుపు లైటు చుట్టూ చేరవు. అసలు రాకుండా ఉండవు గానీ అన్నం గిన్నెలో పడేవి తగ్గుతాయి.

మగ్గం ఉన్న ఇళ్ళకు, టైలరింగ్ చేసేవాళ్ళకు వేరే మాట. ధర్మవరంలో పట్టుచీర నేసే మా స్నేహితుడి ఇంట్లో మామూలు ఎల్ఈడీ పెట్టాక మెరూన్ పోగు గోధుమ రంగులో కనబడుతోందన్నాడు. కారణం సీఆర్ఐ. సూర్యకాంతిలో కనబడే రంగు బల్బు వెలుగులో ఎంత నిజంగా కనబడుతుందో చెప్పే అంకె అది. ఫిలమెంట్ బల్బుది దాదాపు 100, మామూలు ఎల్ఈడీది 80. ఎరుపు రంగుల్లోనే తేడా ఎక్కువ కనబడుతుంది. అలాంటి పనికి 90 దాటింది వెతికి కొనండి, ధర ఎక్కువైనా పర్వాలేదు. ఒక చీరలో రంగు తప్పితే పోయేది బల్బు ధర కాదు కదా.

కరెంటు పోయినా వెలిగే ఇన్వర్టర్ బల్బుల గురించి కూడా అత్త అడిగింది. లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది, మూడు నాలుగు గంటలు తక్కువ వెలుగుతో నడుస్తుంది. వంటింట్లో ఒకటి, మెట్ల దగ్గర ఒకటి చాలు. ఇల్లంతా అవే పెట్టడం దండగ, మన ఎండకు ఆ బ్యాటరీ రెండు మూడు వేసవుల్లో నీరసపడుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వీటి అవసరమే లేదు.

అంగట్లో, ఇంట్లో చూసుకోవాల్సినవి

పెట్టె మీద ఐఎస్ 16102 అనీ, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, స్టార్ల గుర్తు ఉన్నాయో లేదో చూడండి. అవి లేని బల్బు ఎంత చౌకైనా వద్దు. చేతిలో పట్టుకుంటే కాస్త బరువుండాలి, లోపల లోహం ఉందనడానికి అది గుర్తు. అంగట్లోనే వెలిగించమని అడిగి ఫోన్ కెమెరాలో చూడండి. తెర మీద నల్లటి పట్టీలు గట్టిగా కదులుతుంటే ఆ బల్బు కంటికి తెలియకుండా మిణుకుతోందన్నమాట. పిల్లలు చదువుకునే చోట అలాంటిది పెడితే తలనొప్పి రావచ్చు. గ్యారంటీ ఎన్నేళ్ళో అడిగి, కొన్న తేదీ బల్బు మీదే మార్కర్‌తో రాయించుకోండి. బిల్లు పోయినా ఆ రాత మిగులుతుంది.

స్విచ్ ఆపాక కూడా ఎల్ఈడీ సన్నగా వెలుగుతోందా? బల్బు చెడిపోలేదు. చాలాసార్లు స్విచ్చిని ఫేజుకు (కరెంటు వచ్చే తీగకు) కాకుండా న్యూట్రల్‌కు (తిరిగి పోయే తీగకు) పెట్టి ఉంటారు. అది ప్రమాదం కూడా, ఎందుకంటే స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజు స్విచ్చికి మార్పించండి. మా అత్త ఇంట్లో వెనక గదిలో ఇదే కనబడింది. నలభై ఏళ్ళుగా అలాగే ఉందట.

పాత సీఎఫ్ఎల్ తీసేటప్పుడు గాజు గొట్టాన్ని పట్టుకోకండి, అడుగు భాగం పట్టుకుని తిప్పండి. అందులో కొద్దిగా పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి, పిల్లల్ని పావుగంట బయటికి పంపండి. చీపురుతో ఊడవకూడదు. గట్టి అట్టతో ముక్కలు ఎత్తి, మిగిలిన పొడిని తడిగుడ్డతో తుడిచి, అన్నీ ఒక మూత డబ్బాలో వేసి, మున్సిపాలిటీ బండి వచ్చినప్పుడు ఇవి వేరని చెప్పి ఇవ్వండి.

అత్త ఇంటికి మొత్తం పదకొండు లైట్లు కావాలి. ఒకేసారి కొనొద్దన్నాను. నడవాలో ఒకటి, వంటింట్లో ఒకటి, 100 నుంచి 300 వోల్టులవి, పెట్టి నెలరోజులు చూసుకుంది. సాయంత్రం ఏడు గంటలకు వీధిలో అందరి లైట్లూ మసకబారినా తన వంటిల్లు మాత్రం అలాగే ఉందని ఫోన్ చేసి చెప్పాకే మిగతా తొమ్మిదీ తెచ్చాం.